హెచ్‌ఐవీ సంగతి ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పనక్కర్లేదు

హెచ్‌ఐవీ సోకిందని తేలిన మనిషికి మందులు దొరకడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఏఆర్‌టీ (వైరస్‌ను అణచి ఉంచే మందుల చికిత్స) కేంద్రాల్లో వాటిని ఉచితంగా ఇస్తారు. ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. అసలు చిక్కు ఇంటికి తిరిగి వచ్చాక మొదలవుతుంది. భార్యకో భర్తకో ఎప్పుడు చెప్పాలి? కన్నవారికి చెప్పాలా? పెళ్లి సంబంధం కుదిరే దశలో ఉంటే అవతలి వారికి తెలియజేయాలా? పంటి వైద్యుడికి చెబితే చికిత్స చేయననే ప్రమాదం ఉందా? యజమాని అడిగితే దాచడం నేరమా?

క్లుప్తంగా చెప్పాలంటే, చట్టం ఈ సమాచారాన్ని ఆ వ్యక్తి సొంత ఆస్తిగానే చూస్తుంది. శారీరక సంబంధం ఉన్న భాగస్వామి విషయంలో మాత్రం కొన్ని షరతులతో వేరే దారి పెట్టింది. వైద్యులకు చెప్పడం చట్టపరమైన బాధ్యత కాకపోయినా చాలా సందర్భాల్లో రోగికే మేలు. యజమానికి, ఇరుగుపొరుగుకు తెలుసుకునే హక్కు లేదు. అయితే ఆచరణలో ఎవరికి చెప్పాలన్న దానికంటే ఎవరి తర్వాత ఎవరికి, ఎవరి నోట తెలిసిందన్నదే కుటుంబాల తీరును ఎక్కువగా నిర్ణయిస్తోంది.

నోరు విప్పకముందే పొక్కే దారులు

చెప్పడమా, దాచడమా అన్నది పూర్తిగా రోగి చేతిలో ఉంటుందనుకోవడం సగమే నిజం. మాటతో పని లేకుండానే సంగతి బయటపడే దారులు అనేకం.

వాటిలో మొదటిది ప్రయాణం. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటిన దూరం. కూలి మానుకుని నెలనెలా బస్సెక్కే మనిషిని ఎక్కడికని ఇంట్లోవారు అడగక మానరు. ఊరికి దగ్గర్లోనే మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు వచ్చాక దూరం తగ్గింది కానీ, సొంత మండలంలోని ఆసుపత్రిలో తెలిసిన ముఖం ఎదురయ్యే అవకాశం పెరిగింది. దగ్గరి కేంద్రాన్ని కాదని విశాఖపట్నం దాకా వెళ్లేవారు ఉండటానికి కారణం ఇదే. దూరమైతే ఖర్చు, దగ్గరైతే గుట్టు రట్టు. చికిత్సలో నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చే విధానం రావడంతో ఈ ఒత్తిడి కొంత సడలింది.

రెండోది మాత్రల సీసా. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు పెద్ద సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు నెలల తరబడి వలస పోతారు. మరబోటులో వంట, పడక, సామాను అన్నీ ఒకే చోట. అక్కడ రోజూ ఒకే వేళకు ఒక మాత్ర వేసుకునే మనిషి దేనికి వేసుకుంటున్నాడో తోటివారు అడుగుతారు. సీసా మీది చీటీ చించేయడం, మాత్రలను వేరే డబ్బాలో పోసుకోవడం ఇలాంటి చోట పుట్టే ఉపాయాలు. అవి ఫలించకపోతే మందు మానేయడం తర్వాతి మెట్టు. అది గుట్టు కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడం. భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లి ఒకే గదిలో పదిమందితో ఉండే కూలీల పరిస్థితీ ఇంచుమించు ఇదే.

మూడోది ప్రభుత్వ సాయం. ఏఆర్‌టీ మందులు వాడుతున్న అర్హులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఊళ్లో ఎవరికి ఏ పింఛను వస్తుందో అందరికీ తెలిసే ఉంటుంది. వయసు మీద పడని, వైకల్యం కనిపించని మనిషికి పింఛను వస్తే ఎందుకన్న ప్రశ్న పుడుతుంది. దరఖాస్తు ఎన్ని చేతులు మారుతుంది, డబ్బు ఇంటి గుమ్మం దగ్గర అందుతుందా బ్యాంకు ఖాతాలో పడుతుందా అన్న చిన్న ఏర్పాట్ల మీద ఒక కుటుంబం పరువు ఆధారపడుతుంది. అందుకే అర్హత ఉండీ దరఖాస్తుకు వెనుకాడేవారు ఉంటారు.

గల్ఫ్ దేశాలకు వెళ్లేవారిది మరో సంగతి. అక్కడి ఉద్యోగ వీసా కోసం చేసే వైద్య పరీక్షల్లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. వీసా రాలేదన్న కబురు ఏజెంటుకు, అతని ద్వారా తోడుగా బయలుదేరాల్సిన ఊరివారికి చేరుతుంది. ఎందుకు రాలేదన్న ఊహాగానం ఆ వెంటే మొదలవుతుంది. మన దేశ చట్టంలోని గోప్యతా రక్షణలు ఆ దేశాల వీసా నిబంధనలను మార్చలేవు.

ఈ దారులన్నీ చూస్తే మౌనం పూర్తి రక్షణ కాదని అర్థమవుతుంది. రోగి చెప్పనంత మాత్రాన సంగతి దాగదు, వేరెవరో తమకు తోచినట్టు చెబుతారు.

ముందు ఎవరికి పరీక్ష జరిగితే నింద వారిదే

గర్భం దాల్చిన ప్రతి స్త్రీకీ హెచ్‌ఐవీ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమ విధానం. దాని మేలు చిన్నది కాదు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో మందులు వాడితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. వైద్యపరంగా ఇంత ప్రయోజనకరమైన పరీక్షకు సామాజికంగా ఒక దుష్ఫలితం ఉంది. దంపతుల్లో ముందుగా పరీక్ష జరిగేది భార్యకు. ఆరోగ్యంగా తిరుగుతున్నంత కాలం భర్త ఆసుపత్రి గడప తొక్కడు. దాంతో ఇంట్లో మొదట బయటపడే పేరు ఆమెది అవుతుంది. మొదట బయటపడినవారే జబ్బును ఇంటికి తెచ్చారని అత్తింటివారు తేల్చేస్తారు.

ఈ తీర్పుకు శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. పరీక్ష వైరస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. సీడీ4 కణాల (రోగనిరోధక శక్తికి కీలకమైన తెల్ల రక్తకణాల) సంఖ్యను బట్టి తేదీ లెక్కగట్టడమూ కుదరదు, ఎందుకంటే ఆ సంఖ్య తగ్గే వేగం మనిషి మనిషికీ వేరు. భర్తకు నెగెటివ్ రావడం కూడా భార్య శీలానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. వైరస్ అంటిన సూది వల్లా, రక్తం వల్లా, పుట్టుకతోనూ వైరస్ రావచ్చు. పైగా స్త్రీ పురుషుల మధ్య ఒక్కో కలయికలో సోకే అవకాశం సగటున వెయ్యింటికి ఒకటి కంటే తక్కువ కావడంతో, ఏళ్ల తరబడి కలిసి ఉన్నా ఒకరికి ఉండి మరొకరికి లేని జంటలు ఉంటాయి. ఆ సగటును ధైర్యంగా తీసుకోవడం మాత్రం పొరపాటు. వైరస్ సోకిన తొలి వారాల్లో ముప్పు చాలా ఎక్కువ, చికిత్స లేని ఏళ్లలో అది పోగవుతూనే ఉంటుంది.

నింద ఇంత తేలికగా పుట్టడానికి వెనుక ఒక చరిత్ర ఉంది. దేశంలో హెచ్‌ఐవీని మొదట గుర్తించింది 1986లో, చెన్నైలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాతి కాలంలో కేసులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా మారింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశంలో 0.21 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అప్పటి తీవ్రతను దృష్టిలో పెట్టుకునే రెండు దశాబ్దాల కిందట ఊరూరా పులిరాజా పేరుతో ఎయిడ్స్ అవగాహన ప్రచారం సాగింది. జబ్బు పేరు గడప గడపకూ చేరడంలో అది విజయం సాధించిందనే చెప్పాలి. కానీ ఆనాటి ప్రచారాల సారాంశం ప్రవర్తన గురించే కావడంతో, తప్పుదారి పట్టినవారికే ఇది వస్తుందన్న భావన జనంలో స్థిరపడింది. ఆ భావన ఉన్నచోట జబ్బు గురించి చెప్పడమంటే తప్పు ఒప్పుకోవడమే. భర్త నుంచి సోకిన ఇల్లాలికీ, పుట్టుకతో వచ్చిన బిడ్డకూ అదే ముద్ర పడుతుంది.

వరుస మారితే ఫలితమూ మారుతుంది. దంపతులిద్దరికీ ఒకేసారి కౌన్సెలింగ్, ఒకేసారి పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సిఫారసు చేసింది. ఫలితం ఇద్దరూ కలిసి వింటే ముందు ఎవరన్న ప్రశ్న బలహీనపడుతుంది. కౌన్సెలర్ సమక్షంలో వినడం వల్ల తొలి కోపం ఇంటి నాలుగు గోడల మధ్య కాకుండా మూడో మనిషి ముందు బయటపడుతుంది. ఈ పద్ధతికి అడ్డు భర్తల గైర్హాజరే. పనికి వలస వెళ్లినవాడు కాన్పు నాటికి గానీ రాడు.

ఇక్కడ మరో ఆచారాన్ని లెక్కలోకి తీసుకోవాలి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం రివాజు. పురిటి గదిలో తోడుండే తల్లికి తెలియకుండా ఈ చికిత్స సాగడం కష్టం. గర్భిణి రోజూ మాత్ర వేసుకోవాలి, పుట్టిన బిడ్డకు వారాల తరబడి చుక్కల మందు పోయాలి, నిర్ణీత సమయాల్లో బిడ్డ రక్తం పరీక్షకు ఇవ్వాలి. అందువల్ల చాలామంది స్త్రీలకు భర్త తర్వాత, కొన్నిసార్లు భర్త కంటే ముందే, సంగతి పంచుకునే మనిషి కన్నతల్లి అవుతుంది. బిడ్డకు తల్లిపాలే ఇవ్వాలని, తల్లి మందులు మానకూడదని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాలు మాన్పించి డబ్బా పాలు పట్టే ఇంట్లో ఎందుకన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ సలహాకు మొదటి కారణం బిడ్డ ఆరోగ్యమే అయినా, తల్లి గుట్టు కూడా దాంతోపాటు నిలుస్తుంది.

భాగస్వామి విషయంలో చట్టం

హెచ్‌ఐవీ రోగి గోప్యతకూ, పెళ్లాడబోయే వ్యక్తి ప్రాణానికీ మధ్య పోటీ వస్తే ఏది నెగ్గాలన్న ప్రశ్న 1998లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒక వ్యక్తి హెచ్‌ఐవీ స్థితిని ఆసుపత్రి బయటపెట్టడంతో అతని పెళ్లి ఆగిపోయింది. గోప్యత హక్కు సంపూర్ణం కాదని కోర్టు ఆ కేసులో తేల్చింది. అంతటితో ఆగకుండా అలాంటి వ్యక్తి వివాహ హక్కు ఆగిపోతుందనీ వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్య విమర్శలకు గురైంది. 2002లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి హక్కుపై చేసిన ఆ వ్యాఖ్యలు అవసరం లేనివని స్పష్టం చేసింది.

ఇప్పుడు వర్తించేది 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం. ఇది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, కోర్టు ఆదేశం ఉంటే తప్ప తన స్థితిని వెల్లడించాలని ఎవరినీ బలవంతపెట్టరాదని ఇందులో ఉంది. నమ్మకంతో తెలిసిన వేరొకరి స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం నిషిద్ధం. ఎయిడ్స్ నియంత్రణ సిబ్బందికైనా, గ్రామ సచివాలయ ఉద్యోగికైనా ఇదే నియమం.

భాగస్వామికి చెప్పే అధికారం చట్టం ఇచ్చింది వైద్యుడికి, కౌన్సెలర్‌కు మాత్రమే. అదీ వరుసగా నాలుగు మెట్లు దాటాక. భాగస్వామికి సోకే ముప్పు గణనీయంగా ఉందని వారికి సహేతుకంగా అనిపించాలి. నువ్వే చెప్పు అని రోగికి ముందు నచ్చజెప్పి ఉండాలి. అయినా చెప్పడని తేలాలి. చివరగా, తాము చెప్పబోతున్నామని రోగికి తెలియజేయాలి. చెప్పేది ముఖాముఖిగా, కౌన్సెలింగ్‌తోనే జరగాలి. ఫోనులో చెప్పేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

స్త్రీల విషయంలో చట్టం మరో అడుగు వేసింది. సంగతి తెలిస్తే ఆమె మీద హింస జరుగుతుందని, ఇంట్లోంచి గెంటేస్తారని, ఆమెకో పిల్లలకో తీవ్రమైన హాని కలుగుతుందని సహేతుకమైన భయం ఉంటే వైద్యుడు భాగస్వామికి చెప్పకూడదు. తన స్థితి తెలిసిన ప్రతి వ్యక్తీ ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలన్న నిబంధన నుంచి కూడా అలాంటి స్త్రీకి మినహాయింపు ఉంది. భర్తకు చెప్పలేదన్న కారణంతో భార్యను దోషిగా నిలబెట్టే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. అలాగే, ఉమ్మడిగా నివసించే ఇంట్లో ఉండే హక్కు హెచ్‌ఐవీ ఉన్నవారికి ఉందని చట్టం ప్రత్యేకంగా చెప్పింది. మెట్టింటి నుంచి వెళ్లగొట్టిన సందర్భాల్లో ఉపయోగపడేది ఈ నిబంధనే.

పెళ్లికి ముందు సంగతి ఇంత వివరంగా చట్టంలో లేదు. పెళ్లి సంబంధాలు బంధువుల ద్వారా కుదిరే చోట అబ్బాయి తరఫువారికి చెప్పడమంటే మేనమామలు, పెదనాన్నలు, మధ్యవర్తి అందరికీ చెప్పడమే. చెప్పాల్సింది పెళ్లాడే వ్యక్తికి, వినిపించేది వంశానికి. అందుకే కౌన్సెలర్లు పెళ్లాడే ఇద్దరినీ నేరుగా కేంద్రానికి పిలిచి మాట్లాడించే మార్గం వైపు మొగ్గు చూపుతారు. హెచ్‌ఐవీ ఉన్నవారు తమలో తాము సంబంధాలు చూసుకోవడానికి కూడా ఇదో కారణం.

మందులు మార్చిన లెక్క

ఉచిత ఏఆర్‌టీ మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో సీడీ4 కణాలు బాగా పడిపోయినవారికే మందులు. మిగతావారిని వేచి ఉండమనేవారు. ఆ హద్దు క్రమంగా పైకి జరిగి, 2017లో పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స అన్న విధానం వచ్చింది. చెప్పడంపై దీని ప్రభావం లోతైనది. పాత పద్ధతిలో మనిషి ఇంటికి తీసుకెళ్లేది జబ్బు కబురు ఒక్కటే. ఇప్పుడు కబురుతోపాటు మందునూ తీసుకెళ్తాడు.

ఆ మందు వాడే మనిషికే కాక భాగస్వామికీ రక్షణ. 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 పరిశోధనలో, ముందుగా చికిత్స మొదలుపెట్టిన జంటల్లో భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. తర్వాతి పార్ట్‌నర్ అధ్యయనాల్లో, రక్తంలో వైరస్ కనిపించనంతగా అణిగినవారి నుంచి కండోమ్ లేకుండా కలిసినా భాగస్వామికి సోకిన ఉదంతం ఒక్కటీ నమోదు కాలేదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడు పరీక్షలో అది కనిపించని స్థాయిలో ఉంటే శారీరక సంబంధం ద్వారా సోకే ముప్పు సున్నా అని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయితే ఇది మందులు మొదలుపెట్టిన మర్నాటి సంగతి కాదు. వైరస్ అణగడానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. ఆరో నెల వైరల్ లోడు పరీక్షతోనే నిర్ధారణ. మాత్రలు వదిలితే వైరస్ మళ్లీ లేస్తుంది. తల్లిపాలకూ, ఒకే సూది వాడటానికీ ఈ సున్నా వర్తించదు.

మరి వైరస్ అణిగినవారు భాగస్వామికి చెప్పనక్కర్లేదా? ఇతర దేశాల్లో కొన్ని చోట్ల కోర్టులు అటువైపు మొగ్గాయి. మన చట్టమూ జాగ్రత్తల్లో ఒకటిగానే ముందస్తు సమాచారాన్ని పేర్కొంది తప్ప, అదొక్కటే దారి అనలేదు. అయినా కాపురం సంగతి వేరు. బీరువాలో మాత్రల సీసా ఎప్పటికీ దొరకదనే భరోసా ఎవరికీ లేదు. దొరికిన రోజున గొడవ జబ్బు మీద కంటే దాచిన ఏళ్ల మీద జరుగుతుంది. వైరస్ అణిగిన నివేదిక చేతిలో ఉండగా, కౌన్సెలర్ తోడుగా చెప్పడం అన్నిటికంటే తక్కువ నష్టంతో కూడిన మార్గంగా కనిపిస్తుంది. కాకపోతే ఆ నివేదిక వచ్చే దాకా, అంటే ముప్పు ఎక్కువగా ఉన్న తొలి నెలల్లో, కండోమ్ లేకుండా మౌనం పాటించడానికి మాత్రం సమర్థన లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుతో పోల్చి చూస్తే

ఇదే శ్రీకాకుళం జిల్లాలో మరో దీర్ఘకాలిక జబ్బు గురించి జనం బాహాటంగా మాట్లాడతారు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లోని ఉద్దానం కిడ్నీ రోగులు రోడ్డెక్కి ఆసుపత్రి అడిగారు, నాయకులను నిలదీశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఆ జబ్బు మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. కారణం తెలియని జబ్బుకు సానుభూతి, కారణం తెలిసిన జబ్బుకు అనుమానం దక్కాయి. హెచ్‌ఐవీ ఉన్నవారు ఇలా గుంపుగా రోడ్డెక్కలేరు, ఎక్కడమే వెల్లడి అవుతుంది. ప్రజాప్రతినిధుల మీద ఒత్తిడి తగ్గడానికి గోప్యతే ఒక కారణం కావడం ఇందులోని వైచిత్రి.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిస్తే వైద్యుడికి చెప్పడం ఎంత అవసరమో తెలుస్తుంది. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద ప్రభావం చూపుతుంది. అదే మాత్రలోని డోలుటెగ్రావిర్ కిడ్నీ పనితీరు నిజంగా తగ్గకుండానే, కిడ్నీల పనితీరుకు కొలతగా చూసే క్రియాటినిన్‌ను రక్తంలో కొద్దిగా పెంచుతుంది. క్రియాటినిన్ అంకె చూసి నిర్ణయాలు తీసుకునే ఉద్దానం వైద్యుడికి ఈ మాత్ర సంగతి తెలియకపోతే, లేని జబ్బును ఉందనుకోవచ్చు, ఉన్న జబ్బుకు కారణాన్ని గుర్తించలేకపోవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ స్థాయిని డోలుటెగ్రావిర్ పెంచుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి మోతాదు రోజుకు రెండుసార్లు చేయాల్సి వస్తుంది. గర్భిణులు వాడే ఐరన్, కాల్షియం బిళ్లలతో కలిపి ఖాళీ కడుపున మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. ఏఆర్‌టీ కేంద్రం ఒక ఊళ్లో, షుగరు డాక్టరు మరో ఊళ్లో ఉండే రోగి విషయంలో ఇద్దరినీ కలిపే సమాచార వంతెన రోగి నోరు ఒక్కటే.

పంటి వైద్యుడు, శస్త్రచికిత్స చేసే వైద్యుడు తమ రక్షణ కోసం తెలుసుకోవాలనడం మాత్రం బలహీనమైన వాదన. ప్రతి రోగినీ ఒకే జాగ్రత్తలతో చూడాలన్నది ఆసుపత్రుల ప్రామాణిక నియమం, ఎందుకంటే తమకు ఉందని తెలియనివారూ అదే కుర్చీలో కూర్చుంటారు. పొరపాటున సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులు ఉన్నాయి. హెచ్‌ఐవీ కారణంగా చికిత్స నిరాకరించడం చట్టవిరుద్ధం.

పిల్లల వరకు వస్తే

ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు వారి స్థితిని వయసుకు తగ్గట్టు విడతలుగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ముందు ఒంట్లో ఒక జబ్బు ఉందని, తర్వాత మాత్ర దాన్ని అణచి ఉంచుతుందని, చివరగా దాని పేరు. బలానికి మాత్ర అని అబద్ధం చెప్పి నెట్టుకొచ్చిన ఇళ్లలో, పాఠశాల పాఠంలోనో ఫోనులోనో పిల్లలకు సంగతి తెలిసినప్పుడు వచ్చే కోపం చాలాసార్లు మందు మానేయడంగా బయటపడుతుంది. చెప్పడానికి వెనుకాడేది తల్లిదండ్రులే. నీకెలా వచ్చిందన్న పిల్లవాడి తర్వాతి ప్రశ్నకు జవాబు వారి సొంత కథ కాబట్టి.

యజమాని, ఊరు, ఫిర్యాదు

పలాస జీడిపప్పు పరిశ్రమలోనైనా, విజయనగరం వైపు జనపనార మిల్లులోనైనా హెచ్‌ఐవీ పరీక్షను ఉద్యోగానికి షరతుగా పెట్టడం చట్టం ప్రకారం నిషిద్ధం. వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో, ఇరవై మంది, అంతకు మించి ఉన్న వైద్య సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం అంబుడ్స్‌మన్‌ను, అంటే ఫిర్యాదులు విచారించే అధికారిని, నియమించాలి. ద్వేషపూరిత ప్రచారానికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఇంతటి చట్టం ఉన్నా ఫిర్యాదు చేయడానికి జనం వెనుకాడటానికి కారణం ఊహించదగినదే. గుట్టు రట్టయిందని ఫిర్యాదు చేయాలంటే ఆ గుట్టును మరో కార్యాలయంలో విప్పాలి. చట్టసభ దీన్ని ముందే గమనించింది. బాధితులు కోరితే అసలు పేరు బదులు మారుపేరుతో కేసు నడపడానికి, విచారణను మూసిన గదిలో జరపడానికి, వివరాలు ప్రచురించకుండా ఆపడానికి కోర్టులకు అధికారం ఇచ్చింది. ఆ గోప్యతను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా. ఈ వెసులుబాటు ఉందన్న సంగతి ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఇచ్చేటప్పుడే చెబితే, చట్టం గురించి తెలుసుకోవడానికి రోగి వేరే గడప ఎక్కనక్కర్లేదు. ప్రస్తుతానికి పేరు చెప్పకుండా అడగడానికి అందుబాటులో ఉన్న సులువైన మార్గం జాతీయ ఉచిత సహాయ ఫోను నంబరు 1097.